ఏడో గుంట

రోహిణి కార్తె మూడోరోజు. ఇంకా అయిదున్నర కాలేదు.
పొగాకు గోడౌన్ల వెనక మా తొమ్మిది గుంటల మైదానం
రాత్రి పొయ్యి మీంచి దించిన పెనంలా
ఇంకా వెచ్చగానే ఉంది.

ఒకప్పుడు ఏడింటికి మొదలెట్టేవాళ్లం.
తర్వాత ఆరున్నర, తర్వాత ఆరు.
ఎండ మమ్మల్ని నెడుతూ నెడుతూ
చీకట్లోకి తోసింది.
ఈ సంగతి ఎవరమూ పైకి అనలేదు,
అలారాలు మాత్రం మార్చుకున్నాం.

కోల్డ్ స్టోరేజీ కోటిలింగం,
కిడ్నీల డాక్టరు షఫీవుల్లా,
ఇరిగేషన్లో రిటైరైన పట్టాభి,
స్కోరు రాసే నేను.
సంచులు మోసేది మరియబాబు.

మూడో గుంట దగ్గర మొదలైంది వాదన.
"భూమి వేడెక్కుతోంది" అన్నాడు డాక్టరు,
నొసట చెయ్యేసి జ్వరం చెప్పినట్టు.
"మిర్చి యార్డులో పడిపోయిన హమాలీ ఒకడు
నా వార్డులో ఉన్నాడు. ముప్పయ్యేళ్లు లేవు."

"మా తాత కాలంలోనూ రోళ్లు పగిలినయ్యి"
బంతి మీంచి కన్ను తీయలేదు కోటిలింగం.
"ఇప్పుడు ఇంటింటికీ మిక్సీ. పగలటానికేముంది?"
నవ్వాం. నవ్వొచ్చింది మరి.
"లక్ష టిక్కీలు చల్లగా ఉండాలంటే
ఆ వేడిని ఎక్కడో ఒకచోట బయటికి తోలాలిగా డాక్టరూ?
ముందు నా బ్యాంకు వాయిదా. తర్వాత నా మోకాలు.
ఆ తర్వాత మీ భూగోళం."

నాకు కోపం రావాల్సింది.
ఆయన లెక్కల పుస్తకాల మీద సంతకం నాదే.

ఏడో గుంటకి ముందు ఇంకో గుంట ఉంది,
బంతి పడాల్సింది కాదు, పడకూడనిది.
మధ్యలో తామరాకులు, గట్టున ఓ కొంగ,
మేం వచ్చిన కొత్తలో.
కోటిలింగం కొట్టిన బంతి అందులోకే పోయింది.
బుడుంగుమనలేదు.
టక్కుమంది.

వెళ్లి చూశాం. నీళ్లు లేవు, అన్నీ నెర్రెలు.
నెర్రెల నడుమ మా బంతులే,
ఇరవయ్యేళ్లుగా పోయాయనుకున్నవన్నీ,
ఏ పిట్టో పెట్టి మరిచిపోయిన గుడ్లలా.
ఒకదాని మీద నా నీలి సిరా చుక్క.
నేను సిగరెట్ మానేసిన ఏడాదిది.

"నీళ్లే లేనప్పుడు ఇది గుంట ఎట్టా అయిద్ది?
తీసి గడ్డి మీద పెట్టుకుంటా, దెబ్బ రాయమాక."

పట్టాభి అప్పుడు నోరు తెరిచాడు.
"ఎర్ర గడలు పాతి ఉన్నంతదాకా గుంట గుంటే.
నీళ్లున్నాయా అని రూలు అడగదు.
బయటికి తీస్తే ఒక దెబ్బ శిక్ష.
ఉన్నచోటే ఆడితే ఏ శిక్షా లేదు."
కాసేపాగి,
"నేను కాగితాల్లో పారించిన కాలవలు
ఇంకా పారుతూనే ఉంటాయి" అన్నాడు.
ఆ మాట ఆటకి సంబంధించింది కాదు.

"గుంట ఎండితే గడ్డి పచ్చగా ఎట్లా ఉంది?"
డాక్టరు అడిగింది మమ్మల్ని.
చెప్పింది మరియబాబు,
జెండా ఎంత దూరమో చెప్పే గొంతుతోనే.
"తొమ్మిది వందల అడుగుల బోరు సార్.
మా వీధి బోరు నాలుగు వందల దగ్గర ఆగింది.
ట్యాంకరు రోజు మార్చి రోజు."

నేను స్కోరు కార్డులోకి తల దించుకున్నాను.
కూడటానికి అక్కడ ఏమీ లేదు.

కోటిలింగం గుంటలోకి దిగాడు.
మోకాలు పట్టుకుని, తిట్టుకుంటూ, ఉన్నచోటే కొట్టాడు.
మొదటి దెబ్బకి దుమ్ము. రెండో దెబ్బకి పెళ్ల.
మూడోసారి బంతి గట్టు దాకా ఎక్కి
మళ్లీ ఆయన కాళ్ల దగ్గరకే దొర్లింది.
ఊరి పేరులోనే గుంట పెట్టుకున్నవాళ్లం,
పైన వరసగా నిలబడి చూశాం.
ఎవరం చెయ్యి అందించలేదు.

మరియబాబు మాత్రం వెనక నుంచి దిగి
పాత బంతులు ఏరి తువ్వాల్లో వేసుకుంటున్నాడు.
కడిగితే ఒక్కోటి ఇరవై పలుకుద్దట.
కడగటానికి నీళ్లెక్కడివని
నోటిదాకా వచ్చింది. అడగలేదు.

సాయంత్రం కోటిలింగం ఫోను.
శుక్రవారం నుంచి ఆట తెల్లారి నాలుగింటికి.
మైదానమంతా దీపాలు పెట్టిస్తాడట,
ఖర్చంతా తనదేనట.

సరే అన్నాను.